ఎడమచేతి పందెం

పిల్లల సంరక్షణ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు: నోరు విప్పని పిల్లను ఎట్లా మాట్లాడించాలి మేడం అని. నాకు తెలియదు. ఇన్నేళ్ళు చేసి కూడా తెలియదు. నాకు తెలిసిందల్లా, పిల్లను ప్రశ్నలు అడిగే బదులు ఒక ఆట అడిగితే కొంత నయమని. అది కూడా ఒకసారి నన్ను తప్పుదారి పట్టించింది. ఆ సంగతే చెప్తాను. విని మీరు నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే మీరే ఏరుకోండి.

గద్వాల జిల్లా అయిన తర్వాతి మాట. నా రిటైర్మెంటు దగ్గర పడింది. విత్తన పత్తి చేలల్లో క్రాసింగు జరిగే రోజులు. ఆ పని తెలియనివాళ్ళకు రెండు మాటలు. సాయంత్రం ఒక మొక్క మొగ్గలో పుప్పొడిని గోటితో గిల్లి తీసేస్తారు. మర్నాడు పొద్దున ఇంకో మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. మొగ్గ సున్నితం, మొక్క పొట్టి. అందుకని చిన్న చేతులు, చిన్న నడుములు కావాలంటారు. చట్టం వద్దంటుంది. ఆ రెండింటి మధ్య నిలబడి ఉండటమే ఆ కాలంలో మా ఉద్యోగం.

ఒక రోజు బస్టాండు నుంచి ఫోను. వెళ్ళేసరికి కంట్రోలు రూము బెంచీ మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ళు ఉండొచ్చు. పక్కన కండక్టరు సంచీ తగిలించుకునే నిలబడ్డాడు.

"యాడ ఎక్కిందో నేను చూడలే మేడం. ఎనక సీట్ల ముడుసుకొని పండుకున్నది. పేరడిగితే చెప్తలేదు, ఊరడిగితే చెప్తలేదు. నేను డ్యూటీ దిగాలె. జర చూడున్రి."

పిల్ల కుడిచేతి బొటనవేలు చూశాను. గోరు పక్కన చర్మం చీలి, పసుపచ్చ మరక పట్టి ఉంది. ఎక్కడి నుంచి పారిపోయి వచ్చిందో అర్థమైంది. ఎవరి పిల్లో అర్థం కాలేదు.

దవాఖానలో చూపించాం. చెవులు వినిపిస్తాయి, గొంతులో లోపం లేదన్నారు. ఆడపిల్లల హోంలో చేర్చాం. పెట్టింది తింటుంది, చెప్పింది చేస్తుంది, మాట మాత్రం లేదు. రోజులు గడిచేకొద్దీ నాకు కాలు నిలవలేదు. ఇట్లాంటి పిల్లను వెతుక్కుంటూ ఎవరైనా తప్పకుండా వస్తారు. వచ్చేది కన్నవాళ్ళా, పనిలో పెట్టినవాళ్ళా అన్నది పిల్ల చెప్పకపోతే మాకు తెలిసే దారి లేదు.

అప్పుడు వార్డెనమ్మ ఫోను చేసింది. "మేడం, వంటింట్ల చింతగింజలు ఏరుకుంటున్నది. తింటదేమో అని నేను బుగులుపడ్డ. తినుడు లేదు, బండ మీద రాకుతున్నది."

నేను వెళ్ళేసరికి వరండా గచ్చు మీద బొగ్గుతో గళ్ళు గీసి ఉన్నాయి. అడ్డం ఐదు, నిలువు ఐదు. నాలుగు పక్కల మధ్య గళ్ళలోనూ నడిమి గడిలోనూ కొట్టివేత గుర్తులు. నాలుగు గింజలను ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసింది. మా వనపర్తి వైపు దీన్ని అష్టాచెమ్మ అంటాం. పిల్ల ఒక్కతే ఆడుతోంది, కానీ మూడు పక్కలా కాయలు పెట్టింది. ఒక పక్క గులకరాళ్ళు, ఒక పక్క గాజు ముక్కలు, ఒక పక్క ఎండుమిరప తొడిమలు.

గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. గులకరాళ్ళ వంతు వచ్చినప్పుడు మామూలుగా పందెం వేసింది. తొడిమల వంతుకు గింజలను తలకంటే పైకి ఎగరేసింది. గాజు ముక్కల వంతుకు గింజలను ఎడమచేతిలోకి మార్చుకుంది. ప్రతిసారీ అంతే. తోడు లేని పిల్లలు ఇంట్లోవాళ్ళను ఇట్లా తమ చేతుల్లోకి తెచ్చుకోవడం నేను ఇంతకు ముందు కూడా చూశాను. కాబట్టి తనది ఒక పక్క. మిగతా ఇద్దరు ఎవరో.

నాలుగో పక్క ఖాళీగా ఉంది. జరిగి అక్కడ కూర్చున్నాను. కొంతసేపటికి పిల్ల గింజలను నా వైపు నెట్టింది. వేశాను. నాలుగూ తెల్లగా పడ్డాయి.

"చెమ్మ," అన్నాను.

పిల్ల తల అడ్డంగా ఊపింది. మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "చౌక," అంది.

అదీ ఆమె నోటి నుంచి మేము విన్న మొదటి మాట. ఆ రోజు రెండోది రాలేదు.

ఆటల పేర్ల మీద నాకు మొదటి నుంచీ పిచ్చి. మా అవ్వ శివరాత్రి జాగారానికి వామనగుంతలు, పచ్చీసు, పులి-మేక అన్నీ ముందేసుకుని కూర్చునేది. సంస్థానాల కాలంలో పెద్ద ఇండ్లలో ఆడవాళ్ళు గుడ్డ మీద కుట్టిన పచ్చీసు పటం పరిచి గవ్వలతో ఆడేవారట. పటం లేనివాళ్ళు బండ మీద గీసుకుని చింతగింజలతో చిన్న ఆట ఆడుకున్నారు. పాత మంటపాల రాళ్ళ మీద ఆ గళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి, ఎవరు చెక్కారో తెలియదు. రాజుల ఆట చిన్నదై పేదలకు వచ్చిందా, పేదల ఆట పెద్దదై రాజులకు పోయిందా అంటే కూడా నేను చెప్పలేను. మా వైపు నాలుగు పడితే చెమ్మ, ఎనిమిది పడితే అష్ట. కన్నడ సరిహద్దు వైపు పోతే నాలుగు చౌక, ఎనిమిది బార. బార అంటే ఉర్దూలో పన్నెండు కదా. సిపాయిలతోనో బేరగాళ్ళతోనో వచ్చిన ఆ పన్నెండు మన దగ్గర ఎనిమిది ఎప్పుడయిందో ఎవరూ చెప్పలేదు. నాకు అప్పుడు కావలసింది ఒక్కటే. చౌక అన్న పిల్ల సరిహద్దు పిల్ల.

మా ఆఫీసులో నాతో పాటు పనిచేసే కుర్రవాడు ఒకడుండేవాడు. గద్వాల ముస్లిం కుటుంబం, తండ్రి దర్జీ. అతని మోటారుసైకిలు వెనక కూర్చుని మల్దకల్ దాటి సరిహద్దు ఊళ్ళన్నీ తిరిగాను. ఆ వయసులో ఆ రోడ్ల మీద నా నడుము ఏమయ్యిందో అది వేరే కథ. ప్రతి ఊళ్ళో ఫోటో చూపించి, మీ ఊళ్ళో పిల్ల ఎవరైనా తప్పిపోయిందా అని అడిగాం. ప్రతి ఊళ్ళో ఒకటే జవాబు: మా పిల్లలందరూ ఉన్నరు, ఎవ్వరు తప్పిపోలే. తిరిగి తిరిగి ఉత్త చేతులతో వచ్చాం.

ఆ తర్వాత ఆయన వచ్చాడు.

తెల్ల అంగీ, భుజాన తువ్వాల. హోం గేటు దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. సరిహద్దు మనిషి కాదు. నాగర్‌కర్నూలు పక్క ఊరు.

"మా తమ్ముని బిడ్డ మేడం. తమ్ముడు సచ్చిపోయిండు. మరదలు గుడ లేదు. మేమే సాదుకుంటున్నం. నాలుగు దిక్కుల దేవులాడినం, మస్తు పరేషాన్ అయినం. ఫోన్ల ఫోటో చూసి ఉరికొచ్చిన."

పిల్లను పిలిపించాం. ఆయన పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు ఇక్కడ రాయను. పిల్ల గింజలను గుప్పిట్లో బిగించి వార్డెనమ్మ వెనక్కి పోయింది. ఏడవలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"నోరు లేని పిల్ల గాదు మేడం," అన్నాడాయన నవ్వుతూ. "మొండిది. ఏమనుకోకున్రి, దాని గుణమే గంత."

ఆ ఊరి సర్పంచికి ఫోను చేశాను. "మా ఊరాయనే మేడం. పిల్ల ఆళ్ళింట్లదే," అన్నాడు.

"తల్లి సంగతేంటి?"

"తల్లి లేదు మేడం. అటు రాయచూరు దిక్కు పిల్ల. ఏ ఊరో నాకు తెల్వదు."

లేదు అనే మాటకు మనకు రెండర్థాలు. ఊళ్ళో లేదా, లోకంలో లేదా అని అడిగేలోపు ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

పిల్లల విషయాలు తేల్చే కమిటీకి పెద్దగా ఉన్నావిడ రిటైరైన లెక్కల టీచరు. మంచి మనిషి, తొందర మనిషి. "నీ ఆటల లెక్క తప్పిందమ్మా," అంది నాతో. "సరిహద్దు అంటివి, నాగర్‌కర్నూలు నుంచి వచ్చిన్రు. పెదనాయన అవునని ఊరే చెప్తున్నది. సోమవారం కూర్చుందాం. అడ్డమేమీ రాకపోతే పిల్లను అప్పజెప్పుదాం."

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. పిల్ల ముఖం పాలిపోయిందని కమిటీకి చెప్పగలనా? పారిపోయి దొరికిన ఏ పిల్ల ముఖమైనా పాలిపోతుంది. ఇంటికి పోతే దెబ్బలు పడతాయని భయం ఉంటుంది. అంతకు మించి నా దగ్గర ఏముంది?

ఆ సాయంత్రం ఆఫీసు ముందు టీ తాగుతున్నప్పుడు మా కుర్రవాడితో నా గోడు చెప్పుకున్నాను. నాగర్‌కర్నూలు పిల్ల చౌక అని ఎందుకంటుంది అని. అతను గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"మా ఇంట్ల గుడ చౌకనే అంటం మేడం. మా నాయినది గద్వాలే. మా అమ్మది రాయచూరు. మా అక్కను వనపర్తి ఇచ్చినం, ఆమె పిల్లలు గుడ గట్లనే అంటరు."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలే మేడం."

అది నిజం. అవ్వ దగ్గర కూర్చుని అన్ని ఆటలు నేర్చుకున్నదాన్ని, ఆ అవ్వ ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆట ఊరిది కాదు, తల్లిది. ఆడపిల్ల అత్తగారింటికి పెట్టె బట్టలతో పాటు తన ఆట కూడా తెచ్చుకుంటుంది. పిల్లలకు తండ్రి ఇంటిపేరు వస్తుంది, తల్లి ఆట వస్తుంది. మేము సరైన ఊళ్ళకే వెళ్ళాం, అడగకూడని ప్రశ్న అడిగాం. తప్పిపోయిన పిల్ల గురించి కాదు అడగవలసింది. నాగర్‌కర్నూలు దిక్కున ఫలానా ఊరికి ఇచ్చిన ఆడబిడ్డ ఎవరైనా ఉన్నదా అని.

శనివారం మళ్ళీ అదే దారి పట్టాం. రెండు ఊళ్ళలో లేదన్నారు. మూడో ఊళ్ళో హోటలు ముందు కూర్చున్న ముసలాయన వెంటనే అన్నాడు: "హౌదు, ఇచ్చిన్రు. గా మూల ఇల్లు. మొగుడు సచ్చిపోయిండు పాపం."

వారం కింద ఇదే హోటలు ముందు ఇదే ముసలాయనకు ఫోటో చూపించాం.

మూల ఇంటి ముందు ఒక ముసలామె పల్లికాయ వలుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని మెల్లగా మొదలుపెట్టాను. మీ బిడ్డను అక్కడ ఇచ్చారట కదా, ఆమె పోయి ఎంత కాలమైంది అని. చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నా బిడ్డ పోయిందా? ఎవడన్నడు? మొన్న అంగడి నాడు ఫోన్ల మాట్లాడిన."

ఆమెకు నీళ్ళు తాగించి, విషయం చెప్పి, పక్కింటివాళ్ళ ఫోన్లో ఆ బిడ్డకు చేయించాం. పట్నంలో బిల్డింగు పనిలో ఉంది. వెనక ఇనుము కోస్తున్న చప్పుడు. నేను పిల్ల సంగతి చెప్పాను.

"మా బావ హాస్టల్ల ఏసిన అన్నడు మేడం. గాడ ఫోన్లు ఇయ్యరు అన్నడు. మంచిగ చదువుకుంటున్నదన్నడు." మళ్ళీ ఇనుము చప్పుడు. "ఇప్పుడే బయలెల్త మేడం. నా బిడ్డను ఎవరికీ ఇయ్యకున్రి."

ఆ తర్వాత ఆమె ఫోను మూగబోయింది. ఆదివారమంతా చేశాను. స్విచాఫ్. ఆమె బావకే ఫోను చేసిందా? ఆయన ఏదో చెప్పి ఆపేశాడా? అసలు ఆమెకు అన్నీ తెలిసే పిల్లను పనికి పంపిందా? ఇట్లా ఆలోచించినందుకు సిగ్గుపడ్డాను, కానీ ఆలోచించకుండా ఉండలేకపోయాను. మన ఉద్యోగంలో ఏడ్చే తల్లులను అందరినీ నమ్మలేం.

సోమవారం పొద్దున్నే మా కుర్రవాణ్ణి బస్టాండులో నిలబెట్టాను. పట్నం నుంచి వచ్చే ప్రతి బస్సూ చూడమన్నాను. పెదనాయన అందరికంటే ముందే వచ్చి కమిటీ గది బయట కూర్చున్నాడు, పిల్లకు కొత్త గౌను కూడా తెచ్చాడు. నేను లోపలికి వెళ్ళి, తల్లి బతికే ఉంది, ఫోన్లో మాట్లాడాను, ఆమెకు తెలియకుండానే పిల్లను పత్తి చేనుకు పంపారని చెప్పాను.

కమిటీ పెద్ద పెదనాయనను లోపలికి పిలిపించి అడిగింది. ఆయన తడుముకోలేదు.

"బతికే ఉన్నదేమో మేడం. మా తమ్ముడు పోయినంక ఇల్లిడిసి పోయిన మనిషి. మాకు సచ్చినట్టే. ఇంటి పరువుకని గట్ల చెప్పిన. చేనుకంటరా, మా ఆడోళ్ళెంట తమాషకు పోయింది, గంతే."

నమ్మదగ్గట్టే ఉంది. అదే నన్ను భయపెట్టింది. ఆవిడ నన్ను అడిగింది: "ఫోన్లో ఉన్నది తల్లి గొంతేనని నీకెట్ల తెలుసమ్మా? ఆమె ఇయ్యాల రాకపోతే?"

వస్తుందండీ అన్నాను. బయట వాన మొదలైంది. వేరే పిల్లల కేసులు తీసుకున్నారు. ఒక్కొక్కటీ త్వరగా తెమిలిపోతోంది. నేను కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇంకెంతసేపమ్మా?" అంది. పెదనాయన గౌను సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్ల వరండాలో కొత్తగా గళ్ళు గీసుకుని మూడు పక్కలా కాయలు పేర్చుకుంటోంది. ఇంకొంచెం సేపయితే ఆ గళ్ళ మీదుగానే ఆమెను నడిపించుకుని తీసుకుపోతాడు, నేను చూస్తూ నిలబడతాను అనుకున్నాను.

మోటారుసైకిలు చప్పుడు వినపడింది. మా కుర్రవాడు తడిసి ముద్దయ్యాడు. వెనక నుంచి ఒక సన్నటి మనిషి దిగింది. చీరె అంచుకు సిమెంటు గట్టిపడి ఉంది. మెట్ల దగ్గరే ఆగిపోయింది.

పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటారని మీరు అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. పిల్ల తలెత్తి చూసి, మళ్ళీ తల దించేసుకుంది. ఆమె తల్లి కాదా? లేక పిల్ల కోపంగా ఉందా?

ఆ మనిషి మెట్లెక్కి వచ్చి గాజు ముక్కలున్న పక్కన కూర్చుంది. చాలాసేపు కాయలను చూసింది. పిల్ల గింజలను ఆమె వైపు నెట్టింది. ఆమె వాటిని ఎడమచేత్తో తీసుకుని వేసింది. మూడు పడింది. కళ్ళ నిండా నీళ్ళుండి సరిగ్గా కనిపించలేదేమో, మిరప తొడిమ ఒకటి ముందుకు జరిపింది.

"గది నాయిన కాయ," అంది పిల్ల. "నీది గాదమ్మా."

అప్పుడు ఆ మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చనిపోయిన తండ్రికి కూడా పిల్ల ఒక పక్క ఆడుతూనే ఉందన్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

వెనక్కి తిరిగి చూస్తే కమిటీ పెద్ద గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. లోపలికి వెళ్ళి పెదనాయనను ఒక్క మాట అడిగింది: "మీ ఇంటికి సచ్చినట్టే అన్నది ఈమెనేనా?" ఆయన లేచాడు. సంచీ అక్కడే వదిలి బయటికి పోయాడు.

కథ ఇక్కడ ఆపితే వినడానికి బాగుంటుంది. కానీ మీరు చేయబోయే ఉద్యోగం ఇక్కడ ఆగదు. మేస్త్రీ కూలి డబ్బులు ఇవ్వక రెండు రోజులు ఆపేశాడని, ఫోన్లో ఛార్జింగు అయిపోయిందని తల్లి తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం ఆమె నా చెయ్యి పట్టుకుంది. "కేసు గీసు వద్దు మేడం. నాకున్న ఇల్లు గదొక్కటే. రేపు మల్ల గా గడపలనే బతకాలె. నేను పనికి పోకుంటే ఎట్ల, పోతే దీన్ని ఎవరి దగ్గర ఇడువాలె?" ఆమె చెప్పినట్టు చేయలేదు. చేను యజమాని మీద, పెదనాయన మీద కేసు పెట్టించాను. ఆ తర్వాత ఆమెకు ఆ ఇంటి తలుపు మూసుకుపోయింది. పిల్లను వనపర్తి దగ్గర ఆడపిల్లల బడిలో హాస్టలు ఇప్పించి చేర్చాం. ఈసారి నిజం హాస్టలు. తల్లి మళ్ళీ పట్నం వెళ్ళిపోయింది. నేను చేసింది మంచో చెడో ఆమెను అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.

రిటైరవ్వబోయే ముందు ఒకసారి ఆ బడికి వెళ్ళాను. పిల్ల గలగలా మాట్లాడుతోంది. లెక్కల్లో మార్కులు, పక్క మంచం పిల్ల గురక, అన్నీ చెప్పింది. నేను వచ్చేస్తుంటే గేటు దాకా వచ్చి అడిగింది:

"గా దినం మా అమ్మ రాకుంటే నన్ను పెద్దనాయినకు ఇస్తుంటిరా?"

ఇచ్చేవాళ్ళం కాదు అని చెప్పడం ఎంత తేలిక. నోటిదాకా వచ్చింది కూడా. "తెల్వదు బిడ్డా," అన్నాను. పిల్ల తల ఊపి, లోపలికి పరుగెత్తింది. నమ్మిందో, క్షమించిందో, రెండూ కాదో.

ఇప్పుడు నాకు ఆఫీసు లేదు, అధికారం లేదు. అయినా క్రాసింగు రోజులు వస్తే ఊరికే ఉండలేను. గద్వాల నుంచి ఏదో ఒక బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటాను. చేలల్లో మనుషులు మొక్కల పైన నడుము దాకా కనిపిస్తే ఊపిరి వదులుతాను. ఉత్త తలగుడ్డ కనిపిస్తే బస్సు ఆపించి దిగుతాను. మొన్న అట్లాగే దిగి, గట్టు దాటి, బురదలో చెప్పు తెగి, తలగుడ్డ దగ్గరికి వెళ్ళాను. నా కంటే ముసలిది ఒకామె, వంగిపోయిన నడుముతో పూలు గిల్లుతోంది. ఎందుకొచ్చావని అడిగింది. చెప్పాను. "పిల్లలు లేరమ్మా ఈడ," అని, నవ్వకుండా, పక్క చేను వైపు చూసింది. నేను తెగిన చెప్పు చేతిలో పట్టుకుని అటు నడిచాను.